కార్ఖానా మనిషిని గుర్తుపెట్టుకోవడం ఎలా

మా నాన్న బాలానగర్‌లో టర్నరు. ముప్పై ఒక్క ఏళ్లు లోహాన్ని చెక్కే లేత్ మిషన్ ముందు నిలబడి మమ్మల్ని పెంచారు. ఆదివారం ఓవర్‌టైము ఉందంటే పెళ్లిపిలుపు కూడా పక్కన పెట్టేవారు. ఆయన పోయాక మేము చేసిన పొరపాట్లు, చేసిన ఒకటి రెండు మంచి పనులు చెబుతాను.

మొదట ఫోను సంగతి చూడండి. దుఃఖం తగ్గాక చూద్దామంటే ఆలస్యమవుతుంది. ప్రీపెయిడ్ నంబరును బ్యాలెన్సు లేకుండా 90 రోజులు వాడకపోతే రద్దు కావచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగిపోతుంది. రీచార్జి చేయించి, ఆయన పంపిన వాయిస్ మెసేజీలను మరో రెండు చోట్ల దాచండి. మాకు పద్నాలుగు దొరికాయి. పన్నెండింటిలో ఒకటే మాట: ‘గేటుకు తాళం వేశారా?’ వెనక మిషన్ల మోత. దాన్ని తీసేయిద్దామని నేనంటే అన్నయ్య ఒప్పుకోలేదు. మంచిదే అయింది. అమ్మ ఆ మోత విని, ‘ఇది పాత మిషన్, ఆ రోజు కొత్తది చెడిపోయింది’ అని చెప్పగలదు.

ఫొటో విషయంలో తొందరపడకండి. దశదిన కర్మకు ఫ్రేము కావాలని రేషన్ కార్డు కోసం దిగిన ఫొటో ఇచ్చాం. స్టూడియో అబ్బాయి వెనక నీలాకాశం పెట్టి, నల్లకోటు తొడిగి పంపాడు. జన్మలో కోటు వేసుకోని మనిషి! అమ్మ చాలాసేపు చూసి, ‘ఈయనెవరు?’ అంది. తర్వాత ఖాకీ చొక్కాలో, జేబులో పెన్సిలుతో ఉన్న ఫొటో దొరికింది. కొంచెం మసకగా ఉన్నా దాన్నే గోడకు పెట్టాం.

సంవత్సరీకం తేదీ ప్రకారం కాదు, తిథి ప్రకారం వస్తుంది. పోయిన సమయంతో సహా ఆ రోజే రాసిపెట్టి పురోహితుడిని అడగండి. తిథి తెలియని పెద్దలకు పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, ఉండనే ఉంది. ఆ రోజు బియ్యం, కూరగాయలు ఇచ్చే ఇల్లయితే ఆయన తిన్న కూరే ఇవ్వండి. మా నాన్నకు దోసకాయ. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి పొద్దునే ముగించుకోవాలి.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించి, ధ్రువపత్రం ఆరేడు ప్రతులు తీసుకోండి. బ్యాంకు, బీమా, పీఎఫ్ అంటూ తిరగక తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆయనతో పనిచేసినవాళ్లను కలవడం. ఇంట్లో మనం చూసింది అలిసిపోయి వచ్చిన మనిషిని. కర్మకు వచ్చినప్పుడు వాళ్లు మాట్లాడరు, దండం పెట్టి వెళ్లిపోతారు. రెండు నెలలాగి, టీకి పిలిచి, ‘ఎలా ఉండేవారు?’ అనకుండా ‘ఏ పని ఆయనకే ఇచ్చేవారు?’ అని అడగండి. పక్క మిషన్ భాయ్ చెప్పాకే తెలిసింది, సన్నటి మరలన్నీ నాన్న దగ్గరికే వచ్చేవట. కొత్త కుర్రాళ్లు పాడుచేసిన పీసులను మధ్యాహ్నం అన్నం మానేసి సరిచేసేవారట. క్యారియర్ ఖాళీగా వచ్చేది కదా అంటే, ఆ అన్నం తిన్నది ఆ కుర్రాళ్లేనని నవ్వాడు.

ఇక పనిముట్లు. అన్నీ దాచకండి, తుప్పు పడతాయి. వాడే చేతులకు ఇచ్చేసి ఒక్కటి ఉంచుకోండి. మేము సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఉంచుకున్నాం. 0.02 మిల్లీమీటర్ల తేడా చెబుతుంది. వెనక ఆయన పేరులోని మొదటి అక్షరం గీసి ఉంది. నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక చుక్క మిషన్ నూనె రాయాలి. దవడలు బిగించి పెట్టకూడదు, సన్నటి సందు వదలాలి.

మొన్న అన్నయ్య కుళాయి వాషరు కొలవడానికి అడిగితే ఇచ్చాను. తుడిచి తిరిగివ్వమని రెండుసార్లు చెప్పాను.