పాదానికి పట్టే స్కీ బూట్లు కొనడం ఎలా?

మంచు మీద జారడానికి కాళ్ళకు బిగించుకునే పొడవాటి పలకలు, అంటే స్కీలు, అద్దెకు తీసుకోండి, జాకెట్ ఎవరినైనా అడిగి వేసుకోండి. బూట్లు మాత్రం సొంతవి ఉండాలి, అవీ పాదం కొలిచి అమర్చే షాపులోనే కొనాలి. మీ కాలి కదలిక స్కీకి చేరేది బూటు ద్వారానే. లోపల మడమ లేస్తుంటే ఎంత ఖరీదైన స్కీ అయినా మీ మాట వినదు. అయినా డిస్కౌంట్‌లో దొరికాయని రెండు సైజులు పెద్దవి తెచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

1. వెళ్ళేముందు

మోకాలి కింద వరకు వచ్చే పల్చటి స్కీ సాక్సులు ఒక్క జత, పైకి మడవడానికి వీలైన ప్యాంటు, కత్తిరించిన గోళ్ళు. అంతే. సాయంత్రమే వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు జతల సాక్సులు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనేది వట్టి భ్రమ. అవి మడతలు పడి ఒరుసుకుంటాయి, బిగుతుకు రక్తప్రసరణ తగ్గి కాలు ఇంకా చల్లబడుతుంది.

2. కొలతలు

మిమ్మల్ని నిలబెట్టి, రెండు పాదాల పొడవు, వెడల్పు కొలవాలి. పాదం పైభాగం ఎత్తు, పిక్క లావు కూడా చూడాలి. "మామూలు చెప్పుల సైజెంత?" అని అడిగి నేరుగా డబ్బా తెచ్చే షాపు నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి.

స్కీ బూట్లకు మోండోపాయింట్ సైజులుంటాయి. పాదం 26.5 సెంటీమీటర్లుంటే సైజు 26.5. చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ బయటి ప్లాస్టిక్ షెల్ ఒకటే, కాబట్టి "అర సైజు పెద్దది" అడిగి పెద్దగా లాభం లేదు. వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతారు: 98 అంటే సన్నం, 100 మధ్యస్థం, 102 దాటితే వెడల్పు.

ఫ్లెక్స్ అంటే బూటు ఎంత గట్టిదో చెప్పే అంకె. దానికి అన్ని కంపెనీలకూ కలిపి ఒక ప్రమాణం లేదు, ఒకరి 100 ఇంకొకరి 110 కావచ్చు. 130 అని రాసి ఉందని గొప్పకు కొనకండి. పైగా చలికి ప్లాస్టిక్ ఇంకా బిగుస్తుంది.

3. అందరూ తప్పు చేసేది ఇక్కడే

ముందు లైనర్, అంటే షెల్ లోపలుండే మెత్తటి బూటు, బయటికి తీయించండి. ఖాళీ షెల్‌లో పాదం పెట్టి, వేళ్ళు ముందు గోడకు ఆనీ ఆననట్టు ఉంచి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రెండు దాటితే ఆ బూటు పక్కన పెట్టేయండి, అమ్మే అతను ఎంత చెప్పినా సరే. ఈ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు, కానీ అడగనిదే చాలాచోట్ల చేయరు.

ఇప్పుడు లైనర్ పెట్టి తొడుక్కోండి. మడమను నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి జరపండి. పై బకిల్స్ ముందు పెట్టండి, కింది వాటిని ఊరికే తగిలిస్తే చాలు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగులుతాయి. జనం టెన్షన్ పడి "చిన్నదైంది, ఇంకోటి చూపించండి" అనేది ఈ క్షణంలోనే. అనకండి. మోకాళ్ళు ముందుకు వంచి, మోకాలి కింద కాలి ముందువైపుతో బూటును నొక్కండి. మడమ వెనక్కి వెళ్ళి, వేళ్ళకు చోటు దొరుకుతుంది. స్కీ చేసేటప్పుడు మీరుండేది ఈ భంగిమలోనే. అప్పుడు కూడా వేళ్ళు ముడుచుకుపోతే నిజంగానే చిన్నది.

ఇరవై నిమిషాలు అలాగే ఉండండి. పాదం చుట్టూ ఎవరో గట్టిగా చెయ్యి పట్టుకున్నట్టుంటే మంచిదే. ఒక్కచోట మాత్రమే పొడుస్తుంటే షెల్‌ను అక్కడ వేడిచేసి సాగదీయవచ్చు, లేదా లోపల అరగదీయవచ్చు. పాదం తిమ్మిరెక్కితే ఆ మోడల్ మీది కాదు. మోకాళ్ళు వంచినప్పుడు మడమ పైకి లేస్తున్నా అంతే.

షాపులో హాయిగా ఉన్న బూటు కొన్నిరోజుల్లో వదులవుతుంది, ఎందుకంటే వాడేకొద్దీ లైనర్ అణిగిపోతుంది. బిగుతును నిపుణుడు సడలించగలడు. పెద్ద షెల్‌ను చిన్నది చేసే మంత్రం ఎవరి దగ్గరా లేదు. ఇంటర్నెట్‌లో చౌకగా కొంటామనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే, వాళ్ళు వినరు.

4. బిల్లు కట్టకముందు

కస్టమ్ ఫుట్‌బెడ్, అంటే మీ పాదం ఆకారానికి చేసిన లోపలి అట్ట, వేయించుకోకుండా బూటు కొనకండి. వేడితో అమరే లైనరైతే అక్కడే అమర్పించుకోండి. సోల్ రకం మీ బైండింగ్‌కు, అంటే బూటును స్కీకి బిగించే భాగానికి, సరిపోతుందో లేదో కనుక్కోండి: నడవడానికి వీలుగా వంపు తిరిగి ఉండే గ్రిప్‌వాక్ సోల్ అన్ని బైండింగ్‌లకూ కుదరదు. మంచులో వాడాక ఎక్కడైనా నొక్కుకుంటే సర్దుబాటు ఉచితంగా చేస్తారా, ఎన్నాళ్ళ వరకు చేస్తారు అన్నది బిల్లు మీదే రాయించుకోండి.