పొట్టకి టేపు ఎలా పెట్టాలి, షుగర్‌కి దానికి ఏటి సంబంధం

మా మావయ్యది శ్రీకాకుళం, కాళ్లు చేతులు పుల్లల్లా ఉంటాయి, మిషన్ ఎక్కితే 66 కేజీలే, "లావుగా ఉన్నోళ్లకి కదరా షుగరు, నాకేటి" అనేవాడు, కానీ ఏడాదిలో రెండుసార్లు మొలతాడు బిగుతైపోయిందని కొత్తది కట్టుకున్నాడు. చూసుకోవాల్సింది అక్కడే.

అదే బరువున్న తెల్లోళ్ల కంటే మనకి ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట లోపల. పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫొటోనే వేసి చూపించారు, ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువెంతో చెప్పే లెక్క) 22.3, కానీ కొవ్వు మనాయనకి 21.2 శాతం, ఆయనకి 9.1. చర్మం కింద పట్టనిది లివర్‌లోకి, కండల్లోకి పోతుంది, ఇక రక్తంలో షుగర్‌ని అదుపు చేసే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, దాన్ని తయారుచేసే ప్యాంక్రియాస్ ఇంకా ఇంకా తీసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, అన్నాళ్లూ రిపోర్టు నార్మలే, అది చేతులెత్తేశాక బయటపడుతుంది.

అందుకని ముందు టైలర్ టేపు తెచ్చుకోండి. పొద్దున్నే ఏమీ తినకముందు, చొక్కా ఎత్తి, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు చుట్టండి, ఊపిరి వదిలాక చూడండి, పొట్ట లోపలికి లాగితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. మగాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకి 80 దాటకూడదు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, అది పొట్ట కింద కడతాం కదా, మావయ్య ప్యాంటు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు, టేపు మాత్రం 97! టేపు లేకపోతే మీ ఎత్తంత దారం తీసి సగానికి మడవండి, అది పొట్ట చుట్టూ అందకపోతే డౌటే.

దాటిందంటే రాత్రి భోజనం తర్వాత 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లి ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల టెస్టు) చేయించండి, బీపీ కూడా. ఫాస్టింగ్ 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 అంటే బోర్డర్, ఇంకా చేతిలో ఉన్నట్టే.

అన్నం మానేయమంటే మన వైపు ఎవరూ వినరు, నేనూ వినను. మారు అన్నం ఆపి కూర, పప్పు పెంచండి చాలు. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ చోళ్లు కూడా పిండి పదార్థమే, మూడు గ్లాసులు లాగించి షుగర్ తగ్గట్లేదంటే ఏటి చెప్తాం? తిన్నాక పది నిమిషాలైనా నడవండి, నాగావళి గట్టు దాకా వెళ్లక్కర్లేదు, మీ వీధే చాలు. బోర్డర్‌లో ఉన్నోళ్ల మీద అమెరికాలో చేసిన పెద్ద స్టడీ 2002లో వచ్చింది, వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం టార్గెట్‌గా పెట్టుకున్నోళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 80 కేజీలుంటే ఐదున్నర కేజీలు, అంతే.

నెలకోసారి అదే టైముకి మళ్లీ టేపు పెట్టండి, క్యాలెండర్ మీద రాసుకోండి. ఆల్రెడీ మందులు వాడుతున్నోళ్లు మాత్రం టేపు తగ్గింది కదా అని మాత్ర మీరే ఆపేయకండి, డాక్టర్‌కి రిపోర్టు చూపించి అడగండి.