పాత టీవీకి స్టిక్ పెట్టి డిష్ ఆపేయాలంటే

గోడకున్న పాత ఎల్‌ఈడీ టీవీ బాగానే పనిచేస్తుంటే స్మార్ట్ టీవీ కొనక్కర్లేదు. వెనకో పక్కనో ఒక హెచ్‌డీఎంఐ పోర్టు ఖాళీగా ఉంటే చాలు, ఇంటర్నెట్ యాప్‌లను టీవీలో చూపించే ఫైర్ టీవీ స్టిక్ లాంటి చిన్న పరికరం పెట్టుకోవచ్చు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులే ఉన్న డబ్బా టీవీ అయితే మాత్రం వద్దు. కన్వర్టర్లు బజార్లో దొరుకుతాయి. కానీ హెచ్‌డీసీపీ అనే కాపీ తాళం కుదరక, డబ్బు కట్టి చూసే యాప్‌లు నల్ల తెర చూపిస్తుంటాయి. బొమ్మ వచ్చినా మెనూ అక్షరాలు అలుక్కుపోతాయి.

స్టిక్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే ముందు కరెంటు సంగతి చూడండి. అడాప్టర్‌కు ప్లగ్ ఖాళీ లేదని చాలామంది వైరును టీవీ వెనకున్న యూఎస్‌బీలో గుచ్చేస్తారు. పాత టీవీల్లో ఆ పోర్టు ఇచ్చేది సాధారణంగా 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్. స్టిక్‌కు కావలసింది ఒక ఆంపియర్. లోగో దాకా వచ్చి ఆగిపోవడం, సినిమా మధ్యలో ఆరిపోవడం ఇందువల్లే. పైగా టీవీ ఆపగానే స్టిక్ కూడా చచ్చిపోతుంది కాబట్టి ప్రతిసారీ మొదటి నుంచి బూట్ అవ్వాలి. స్టిక్‌తో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్‌లో పెట్టండి.

స్టిక్ వచ్చిన డబ్బాలో జానెడు కూడా లేని హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని పారేయకండి. స్టిక్ టీవీ వెనక రేకుకు అతుక్కుని ఉంటే వైఫై సిగ్నల్ సగం అక్కడే పోతుంది. ఈ ముక్కతో కాస్త బయటికి లాగితే చాలాసార్లు బఫరింగ్ దానంతటదే తగ్గుతుంది. రౌటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకు కనెక్ట్ చేయండి. మధ్యలో రెండు గోడలుంటే 2.4 నయం, వేగం తక్కువైనా తెగిపోదు.

నెట్ వేగం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. అందుకే 30 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ ఒక టీవీకి, రెండు మూడు ఫోన్లకు సరిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకుంటే లెక్క తేలదు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా అవుతుంది, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో సినిమా ఇంటర్వెల్ దాకా కూడా రాదు.

బొమ్మ అంచులు తెగి, కింద స్క్రోలింగ్ సగమే కనబడుతుంటే తప్పు టీవీది. దాని పిక్చర్ సైజ్‌లో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ లాంటి పేరుంటే అది పెట్టండి. యాప్‌లో బొమ్మ వచ్చి మాట రాకపోతే, ఆ టీవీకి డాల్బీ అనే సౌండ్ పద్ధతి తెలియదన్నమాట. ఫైర్ టీవీలో సెట్టింగ్స్, డిస్‌ప్లే అండ్ సౌండ్స్, ఆడియోలోకి వెళ్లి సరౌండ్ సౌండ్‌ను పీసీఎం (మామూలు స్టీరియో)కు మార్చండి.

ఇక రిమోట్. అమ్మమ్మకో తాతయ్యకో డిష్ అంటే మూడంకెలు నొక్కడం, వార్తలు మొదలవడం. స్టిక్‌లో అదే పనికి హోమ్, యాప్, ప్రొఫైల్, వెతుకులాట దాటాలి. వాళ్లు ‘ఇది నాకొద్దురా’ అనేది ఇక్కడే. వాళ్లు చూసే రెండు మూడు యాప్‌లను హోమ్‌లో ముందు వరుసకు తెచ్చి, మిగతావి తీసేయండి. టీవీ9, ఎన్‌టీవీ లాంటి వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ వస్తాయి. ఒకసారి సబ్‌స్క్రైబ్ చేసిపెడితే తర్వాత వెతకక్కర్లేదు. సీరియల్ సంగతికొస్తే వాళ్లే తొందరగా అలవాటు పడతారు: నిన్నటి ఎపిసోడ్ ఎప్పుడైనా చూడొచ్చు, కొన్ని యాప్‌లలో చందా కట్టినవాళ్లకు టీవీ కంటే ముందే వస్తుంది. టీవీలో సీఈసీ ఆన్ చేస్తే స్టిక్ రిమోట్‌తోనే టీవీ కూడా లేస్తుంది. సామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్‌ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్, సోనీ బ్రావియా సింక్.

ఆర్నెల్లకు స్టిక్ నత్తనడక పడితే అది పాడైనట్టు కాదు. చాలా మోడళ్లలో ఉండే స్టోరేజీ 8 జీబీయే, అందులోనూ సిస్టమ్ వాటా పోను మిగిలేది కొంచెమే. వాడని యాప్‌లు తీసేసి, పెద్దవాటి క్యాష్ (అవి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) క్లియర్ చేయండి.

డిష్ రీఛార్జి మాత్రం వెంటనే ఆపకండి, ఒక నెల రెండూ నడపండి. క్రికెట్ పిచ్చి ఉన్న ఇల్లయితే మరీను: స్ట్రీమింగ్ లైవ్ డిష్ కంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది, ఒక్కోసారి అర నిమిషం కూడా. మీ తెర మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతుండగానే పక్కింట్లో ‘సిక్స్!’ అని కేకలు వినిపిస్తాయి. దానికి సెట్టింగ్ ఏదీ లేదు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద టీవీ ఉన్నా రౌటర్ లేకపోతే లాభం లేదు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనేముందు దాని అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటాయి గానీ 9 వోల్టులవీ ఉన్నాయి. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి.

చివరికి డిష్ ఆపేసినా పైనున్న గొడుగు విప్పకండి. దాన్ని జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పించి, ఫ్రీ డిష్ బాక్స్ ఒకటి కొంటే నెలవారీ ఖర్చు లేకుండా దూరదర్శన్‌తో పాటు మరికొన్ని ఛానళ్లు వస్తాయి. నెట్ పోయిన రోజున పనికొస్తుంది.