సైకిల్ హ్యాండిల్ వెడల్పు ఇంట్లోనే తగ్గించుకోవడం ఎలా?

ఇప్పుడు చాలా మౌంటెన్ బైకులకు 780, 800 మి.మీ. హ్యాండిల్ వస్తోంది. అంత వెడల్పు అందరికీ అక్కర్లేదు. ఎక్కువుంటే కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం కాబట్టి కంపెనీలు పొడుగ్గానే ఇస్తాయి. కోయడం పెద్ద పనేం కాదు. అయినా ఎవరిని చూసినా ఏ రంపం వాడాలని అడిగేవాళ్లే కానీ ఎంత కోయాలని అడిగేవాళ్లు కనబడరు. హ్యాండిళ్లు పాడయ్యేది అక్కడే.

కావలసినవి: అల్లెన్ కీలు, కొలత టేపు, మాస్కింగ్ టేపు, హ్యాక్సా, ఆకురాయి, స్క్రూతో బిగించే స్టీలు పైపు క్లిప్పులు రెండు. హ్యాక్సాకు అంగుళానికి 32 పళ్లున్న కొత్త బ్లేడు వేయండి, పళ్లు ముందుకు చూడాలి. ఈ పద్ధతి అల్యూమినియం, స్టీలు హ్యాండిళ్లకు. కార్బన్ సంగతి తర్వాత చెబుతాను. రేసు సైకిల్‌ వంపు హ్యాండిల్ అయితే ఇక్కడే ఆగిపోండి. దాని కొనలు కోస్తే కింద పట్టుకునే చోటు తగ్గుతుంది కానీ వెడల్పు తగ్గదు.

ఇక అసలు పని, కొలత. భుజాల వెడల్పు కొలిచి దానికి ఇంత కలపమనే లెక్కలు, దండీలు తీసే భంగిమలో చేతుల మధ్య దూరం చూడమనే చిట్కాలు చాలా తిరుగుతుంటాయి. నేలమీద పడుకుని ఎవరూ సైకిల్ తొక్కరు. కోయకుండానే వెడల్పు తగ్గించి తొక్కి చూడటం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు వదులు చేసి రెండు వైపులా 10 మి.మీ. లోపలికి జరపండి, గ్రిప్పులనూ అంతే జరపండి. బయటికి మిగిలిన హ్యాండిల్ కొనలకు మూతలు పెట్టి, అన్నీ మళ్లీ బిగించి, ఒక వారం తొక్కండి. కొన మూసి ఉన్న గ్రిప్పులు ఇలా జరగవు. ఈ వారానికి రెండు వైపులా తెరిచి ఉన్నవి వేసుకోండి.

చదును రోడ్డు మీద ఏ వెడల్పయినా బాగానే అనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కండి, ఇరుకు మలుపులో మెల్లగా తిరగండి. హ్యాండిల్ మరీ చురుగ్గా, తడబడుతున్నట్టు తిరిగితే ఎక్కువ జరిపారన్నమాట. భుజాలు ఇంకా బిగుసుకుంటుంటే మరో 10 జరపండి. ఒకేసారి 30, 40 జరిపి తీర్పు చెప్పేవాళ్లను నేను పట్టించుకోను. రెండు కొలతల మధ్య ఊగిసలాడుతుంటే వెడల్పుగా ఉన్నదానికే కోయండి.

జరిపేటప్పుడే ఇంకొకటి తెలిసిపోతుంది. గ్రిప్పు, లివర్ కూర్చునే తిన్నని భాగం 22.2 మి.మీ. వ్యాసం ఉంటుంది. దాని లోపలి వైపు బార్, అంటే హ్యాండిల్ గొట్టం, వంగుతుంది, లావవుతుంది. లివర్ క్లాంపు అక్కడిదాకా వచ్చేస్తే ఇక కోయడానికి చోటు లేనట్టే. కొన్ని హ్యాండిళ్ల మీద ఇంతకన్నా కోయవద్దని గుర్తు కూడా ఉంటుంది, దాన్ని దాటకండి.

ఇప్పుడు లెక్క. 760ని 720 చేయాలంటే తగ్గాల్సింది మొత్తం 40, అంటే ఒక్కో వైపు 20. ఒక్కో వైపు 40 కోసేసి 680 మి.మీ. హ్యాండిల్ పట్టుకుని తెల్లమొహం వేసినవాళ్లు తక్కువేం కాదు. కాగితం మీద రాసుకోండి. గ్రిప్పులు పూర్తిగా తీసేసి ఉత్త బార్‌నే కొలవండి. మూసి ఉన్న గ్రిప్పు కొన మందం కూడా టేపులో కలిసిపోతుంది మరి. కోయాల్సిన చోట గీసే గీత దూరం బార్ కొన నుంచే తీసుకోండి, స్టెమ్ (బార్‌ను మధ్యలో పట్టి ఉంచే భాగం) అంచు నుంచి కాదు. బార్ స్టెమ్‌లో సరిగ్గా మధ్యలో లేకపోతే స్టెమ్ నుంచి తీసిన కొలతలు రెండూ తప్పే. గీత దగ్గర మాస్కింగ్ టేపు బార్ చుట్టూ తిప్పండి. చుట్టు తిరిగి వచ్చిన అంచు మొదటి అంచుతో కలిస్తే గీత వంకర లేనట్టు. కలవకపోతే పీకి మళ్లీ చుట్టండి. గీతలు రెండూ గీశాక వాటి మధ్య దూరం కొలవండి. 720 వస్తేనే రంపం తీయండి.

కోత తేలిక. బార్‌ను స్టెమ్‌లోనే ఉంచండి, విప్పి వైసులో నొక్కితే సొట్ట పడుతుంది. గీతకు అటొకటి ఇటొకటి క్లిప్పు బిగించి, మధ్యలో బ్లేడు నడిపించండి. నొక్కకుండా, పొడుగ్గా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ కోయండి. పైపు కట్టర్ అయితే నున్నగా తెగుతుందంటారు. తెగుతుంది, కానీ చుట్టూ అంచు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీంచి గ్రిప్పు ఎక్కదు. చివరికి ఎలాగూ ఆకురాయి పట్టాల్సిందే కాబట్టి నా ఓటు రంపానికే. తెగిన ముక్కను రెండో వైపు గీత దగ్గర ఆనించి చూసి అప్పుడు అటువైపు కోయండి. లోపలి, బయటి అంచులు ఆకురాయితో రుద్ది, పొడి తుడిచేయండి. స్టీలు బార్ అయితే తుప్పు పట్టకుండా కోసిన అంచుకు రంగు పూయండి.

కార్బన్‌కు పైపు కట్టర్ అసలు తగలనివ్వకండి, నలిగిపోతుంది. కార్బన్‌కు పనికొచ్చే సన్న బ్లేడుతో, టేపు మీదే, నీళ్లతో తడుపుతూ మెల్లగా కోయండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు పెట్టుకోండి. చివర్లో ముక్కను చేత్తో పట్టుకోండి, లేకపోతే విరిగి పోగులు చీలతాయి.

లివర్లు, గ్రిప్పులు బిగించాక కొనలకు మూతలు పెట్టండి. మూత లేని గొట్టం మీద పడితే ఒంట్లో దిగుతుంది. తర్వాత హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి కేబుళ్లు ఎక్కడా చిక్కుకోవడం లేదని చూసి, రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి చూశాకే రోడ్డెక్కండి.