పాత రింగర్ వాషింగ్ మెషిన్ ఇంటికి తెస్తున్నారా? ప్లగ్గు పెట్టకముందే చూసుకోవాల్సినవి

మంచు కరిగి రోడ్ల పక్కన గరాజ్ సేల్, ఎస్టేట్ సేల్ బోర్డులు లేచాయంటే మిడ్‌వెస్ట్‌లో పాత సామాను పిచ్చి ఉన్నవాళ్లకు సీజన్ మొదలైనట్టే. అయోవా, ఇల్లినాయ్, మిన్నెసోటా వైపు ఉంటున్న మనవాళ్లలో కూడా ఈ పిచ్చి ఉన్నవాళ్లున్నారు. రేడియోలు, కుట్టుమెషిన్లు అయ్యాక చాలామంది కన్ను పడేది మేట్యాగ్ రింగర్ మెషిన్ మీద. నాలుగు కాళ్ల మీద టబ్బు, దాని పైన బట్టలు పిండడానికి రెండు రబ్బరు రోలర్లు. అయోవాలోని న్యూటన్ ఊళ్లో 1893లో వ్యవసాయ పనిముట్ల కంపెనీగా పుట్టిన మేట్యాగ్, 1907లో మొదటి వాషింగ్ మెషిన్ చేసింది. ఆటోమేటిక్‌లు వచ్చి ఏళ్లు గడిచినా ఈ రింగర్ రకాన్ని 1983 దాకా తయారుచేస్తూనే ఉంది. 2006లో వర్ల్‌పూల్ ఆ కంపెనీని కొనేసింది, మరుసటి ఏడాది న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. మెషిన్లు మాత్రం బార్న్‌లలో, బేస్‌మెంట్లలో ఇంకా బోలెడు ఉన్నాయి. తుడిచి బెల్టు మారిస్తే చాలావరకు తిరుగుతాయి కూడా.

భయమంతా ఆ తిరగడం దగ్గరే. చెడిపోయిన రింగర్ ఎవర్నీ ఏమీ చేయదు. బాగా పనిచేసేదే చేతులు లాగుతుంది. మూత తీస్తే ఆగిపోవడం, ఏదైనా అడ్డుపడితే ఆగిపోవడం లాంటివి దీనికి తెలియవు. తయారుచేసిన రోజుల్లో పక్కన నిలబడ్డ మనిషే దానికి సేఫ్టీ స్విచ్చు. ఇప్పుడు ఆ డ్యూటీ మీది.

ముందు బార్న్‌లోంచి బయటికి తీసే పని చూద్దాం. ఏళ్ల తరబడి కదలని మెషిన్ కింద, మోటారు చుట్టూ ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి. గూడు కనబడగానే చీపురు, షాప్ వ్యాక్ (పెద్ద వ్యాక్యూమ్ క్లీనర్) అందుకోకండి. అమెరికాలో డీర్ మౌస్ అనే ఎలుకల పెంట, మూత్రం ఎండి దుమ్ములో కలిస్తే దాన్ని పీల్చినవాళ్లకు హంటా వైరస్ సోకే అవకాశం ఉంది. అరుదే, కానీ వస్తే ఊపిరితిత్తుల మీద పడి ప్రాణం మీదికి తెస్తుంది. తలుపులు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూడు మీద బాగా తడిసేలా కొట్టి, కనీసం ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లోవ్స్ వేసుకుని పేపర్ టవల్‌తో ఎత్తి పారేయండి. అదే రోజు అదే మెషిన్ మీద తుప్పు వదిలించే యాసిడ్ గానీ, అమోనియా ఉన్న క్లీనర్ గానీ వాడొద్దు. బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఎత్తేటప్పుడు రింగర్ తలను పట్టుకుని ఎత్తకండి. అది పక్కకు తిరిగేలా చేసిన భాగం, లాక్ అరిగిపోయి ఉంటే బరువంతా ఒక్కసారిగా ఒక పక్కకు వచ్చి మోచేతిని నలిపేస్తుంది. టబ్బు కింద ఫ్రేము పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. పంపు ఉన్న మోడల్ అయితే అందులో మిగిలిన నీళ్లు చలికాలంలో గడ్డకట్టి పంపు పగిలి ఉండొచ్చు. ఇది ప్రాణాపాయం కాకపోయినా, కారుతున్న పంపు కింద మోటారు ఉంటుందని మర్చిపోకండి.

కరెంటు సంగతి

అమ్మేవాళ్లు "పనిచేస్తుంది చూడండి" అంటూ అక్కడే ప్లగ్గు పెట్టబోతారు. వద్దని చెప్పండి. మొహమాటపడితే కుదరదు.

ఇంటికి తెచ్చాక మొదట వైరు చూడండి. పైకి రబ్బరు నల్లగా, గట్టిగా బాగానే ఉన్నట్టుంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా వంచితే వంపు దగ్గర సన్నగా పగుళ్లు తెరుచుకుంటాయి, ఇంకొంచెం వంచితే పెంకులా రాలి లోపల రాగి తీగ మెరుస్తుంది. ప్లగ్గు దగ్గర బాగున్నా, మోటారులోకి దూరేచోట నూనె, వేడి తగిలి పూర్తిగా చీకిపోయి ఉంటుంది. అక్కడా ఇక్కడా టేపు చుట్టే పని పెట్టుకోకండి. ప్లగ్గు నుంచి మోటారు టెర్మినల్ దాకా మొత్తం మార్చేయండి.

పాత మెషిన్లకు ఉండేవి రెండు కాళ్ల ప్లగ్గులే. అంటే ఎర్త్ లేదు. మెషిన్ నిలబడేది చిన్న చక్రాల మీద, కాబట్టి లోపల లీకేజీ ఉన్నా బాడీలోంచి నేలకు పోయే దారి ఉండదు. తడి కాంక్రీటు మీద నిలబడి టబ్బు అంచు పట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు. మూడు వైర్ల కార్డు వేసి, పచ్చ వైరును మోటారు బాడీకీ, మెషిన్ ఫ్రేముకీ కలపండి. కలిపేచోట పెయింట్ గీకి ఇనుము కనబడాలి, పెయింట్ మీద బిగించిన స్క్రూ ఎర్త్ కాదు. ఆ పైన జీఎఫ్‌సీఐ (లీకేజీ కనబడగానే కరెంటు ఆపేసే స్విచ్చు) ఉన్న సాకెట్‌కే పెట్టండి. సుమారు 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే అది ట్రిప్ అవుతుంది. ట్రిప్ అయితే "ఈ సాకెట్ బాలేదు" అని పక్క సాకెట్‌కు మార్చేవాళ్లు ఉంటారు. ఆ లీకేజీ మోటారులో ఉంది, సాకెట్‌లో కాదు.

మోటారు వైండింగ్ బాగుందో లేదో మామూలు మల్టీమీటర్ సరిగ్గా చెప్పలేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉంటే 500 వోల్టుల మీద చూపించండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ మోటారుకు కరెంటు ఇవ్వకండి. తేమ వల్ల తక్కువ చూపిస్తుంటే వెచ్చని పొడి గదిలో కొన్నాళ్లు ఆరబెట్టి మళ్లీ చూడొచ్చు.

రేడియోల హాబీ నుంచి ఇటు వచ్చినవాళ్లకు ఒక మాట. పాత రేడియోకు వేరియాక్‌తో వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచడం మీకు అలవాటు. ఇక్కడ అదే పని చేస్తే మోటారు కాలిపోతుంది. ఇవి ఇండక్షన్ మోటార్లు. స్టార్టింగ్ వైండింగ్ కొన్ని క్షణాలే పనిచేయాలి, మోటారు స్పీడు అందుకున్నాక లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చు దాన్ని తప్పిస్తుంది. తక్కువ వోల్టేజిలో మోటారు ఆ స్పీడు అందుకోదు, స్విచ్చు తెరుచుకోదు, వైండింగ్ మాడి వాసన వస్తుంది. ముందు సిరీస్ ల్యాంప్ (మోటారుకు వరసలో కలిపిన బల్బు) పెట్టి షార్ట్ లేదని క్షణం చూసుకుని, తర్వాత బెల్టు తీసేసి పూర్తి వోల్టేజి ఇవ్వాలి. రెండు మూడు సెకన్లలో తిరగకుండా గుయ్‌మంటూ ఉంటే వెంటనే ఆపేయండి.

మోటారుకు కెపాసిటర్ ఉండి, అది 1979కి ముందుదైతే, లోపల పీసీబీ (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ అనే విషపు రసాయనం) నూనె ఉండే అవకాశముంది. ఆ ఏడాదే అమెరికాలో దాని తయారీని నిషేధించారు. ఉబ్బినా, కారినా ఉత్త చేత్తో ముట్టుకోకండి, చెత్తబుట్టలో వేయకండి, కౌంటీ వాళ్ల హజార్డస్ వేస్ట్ సెంటర్‌కు ఇవ్వండి. పెయింట్ సంగతీ అంతే. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు, మీ మెషిన్ కాళ్ల మీది పెయింట్ అంతకు ముందుదై ఉండొచ్చు. పొడిగా సాండింగ్ చేయొద్దు, తడిపి గీకండి, పిల్లలు తిరిగేచోట అసలే వద్దు. రింగర్లు దాటి పాత ఆటోమేటిక్‌ల జోలికి వెళ్తే బ్రేకు, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి.

మీది చదరపు అల్యూమినియం టబ్బు ఉన్న మేట్యాగ్ "E" మోడల్ అయితే మురికి వదలడానికి కాస్టిక్ సోడా వేయకండి. అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ పొంగుతుంది, టబ్బు గుంటలు పడుతుంది. డిష్ సోప్, మెత్తని బ్రష్షు, ఓపిక చాలు.

రోలర్ల దగ్గర

అసలు ప్రమాదం ఇక్కడుంది. చెరకు రసం బండి దగ్గర నిలబడి ఆ రోలర్లలోకి గడ ఎలా పోతుందో చూసినవాళ్లకు పెద్దగా చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే రింగర్ రోలర్లు రబ్బరువి, మెత్తగా ఉంటాయి, ఏం చేస్తాయిలే అనిపిస్తాయి. వేళ్లు సులువుగా దూరతాయి, వాటి వెంట అరచేయి, ముంజేయి పోతాయి. మోచేయి దగ్గరో చంక దగ్గరో ఇక దూరక ఆగుతుంది. చేయి ఆగినా రోలర్లు ఆగవు, అక్కడే తిరుగుతూ చర్మాన్ని ఒరుస్తూనే ఉంటాయి. ఇలాంటి దెబ్బలతో, ముఖ్యంగా చిన్నపిల్లలు, ఎంతమంది ఆసుపత్రులకు వచ్చేవారంటే 1938 నాటికే డాక్టర్లు దీనికి "రింగర్ ఆర్మ్" అని పేరు పెట్టేశారు.

రోలర్ల పైభాగాన రిలీజ్ బార్ ఉంటుంది. నొక్కితే ఒత్తిడి ఒక్కసారిగా వదిలేయాలి. చేతితో పరీక్షించకండి. మందపాటి టవల్‌ను నాలుగు మడతలు వేసి రోలర్ల మధ్యకు పంపి, సగం లోపలికి పోయాక ఒక్క అరచేత్తో బార్ మీద కొట్టండి. టక్కున తెరుచుకుని టవల్ వదులైపోవాలి. రెండు చేతులు కావాల్సి వచ్చినా, రెండోసారి కొట్టాల్సి వచ్చినా, తుప్పు వదిలించి గ్రీజు పెట్టేదాకా ఆ రింగర్ వాడకూడదు. కుడి చేత్తో, ఎడమ చేత్తో, ముందు నుంచి, వెనక నుంచి, అన్ని రకాలుగా చూడండి. చిక్కుకున్న చేయి ఏదో ముందే తెలియదు కదా. ఇంకో సంగతి: బార్ ఒత్తిడి వదిలినా చాలా మోడళ్లలో రోలర్లు తిరుగుతూనే ఉంటాయి. అందుకే కాలు తీస్తే కరెంటు పోయే ఫుట్ స్విచ్చు, మోటారు ఆంపియర్లకు సరిపడేది, వేసుకోవడం మంచిది. పాతదనం పాడవుతుందని కొందరు కలెక్టర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనివ్వండి.

వాడే రోజు చున్నీ, పైట కొంగు, వదులు చేతుల నైటీ, విరబోసిన జుట్టు, వేలాడే జడ, గాజులు, ఉంగరాలు ఏవీ ఉండకూడదు. బట్టను చేత్తో రోలర్ల దాకా తోయకండి, అంచు అందించి వదిలేయండి. గుండీలు లోపలికి వచ్చేలా మడవండి, లేకపోతే పగిలి కంటికేసి ఎగురుతాయి. పనయ్యాక ప్లగ్గు పీకాకే పక్కకు కదలాలి. పిల్లలున్న ఇంట్లో ప్లగ్గు పీకితే సరిపోదు, కార్డును చుట్టి తాళం వేసే చోట పెట్టండి.

చేయి పడితే లాగొద్దు, రోలర్లను రివర్స్ తిప్పొద్దు. రివర్స్ తిప్పితే నలిగిన చేయి మళ్లీ అదే ఒత్తిడి గుండా రావాలి. బార్ కొట్టండి, ప్లగ్గు పీకండి, అప్పుడు రోలర్లను ఎత్తి చేయి తీయండి. బయటికి కాస్త గీరుకుపోయినట్టే ఉండొచ్చు. లోపల కండరం వాచి రక్తం ఆడకుండా చేసేది కొన్ని గంటల తర్వాత. కాబట్టి నొప్పి లేదన్నా ఈఆర్‌కు (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) వెళ్లండి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు రింగర్‌ను ఎప్పుడూ చూసి ఉండడు, "రోలర్ల మధ్య నలిగింది, అక్కడే కాసేపు ఒరిసింది" అని విడమరిచి చెప్పండి, మెషిన్ ఫోటో ఫోన్‌లో చూపించండి.

పెట్రోలు ఇంజిన్ రకాలు దొరికితే

పల్లెలకు కరెంటు రాని రోజుల్లో మేట్యాగ్ టబ్బు కింద చిన్న పెట్రోలు ఇంజిన్లు పెట్టి అమ్మింది. కాలితో తన్ని స్టార్ట్ చేయాలి. పొగను కిటికీలోంచి బయటికి పంపే వంగే గొట్టం ఉండేది. ఇప్పుడు దొరికేవాటికి ఆ గొట్టం ఉండదు, ఉన్నా చిల్లులు. బేస్‌మెంట్‌లో గానీ, తలుపు తీసిన గరాజ్‌లో గానీ దీన్ని నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆరుబయటే. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు కూడా బయటే, వాటర్ హీటర్‌కు దూరంగా తీయండి.

హైదరాబాద్‌కో విజయవాడకో పంపేవాళ్లకు

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందనుకుంటారు. అది 230 వోల్టుల్ని 120 చేస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. 60 హెర్ట్జ్‌కు చేసిన మోటారు 50 మీద అదే 120 వోల్టులు తీసుకుంటే కోర్ తట్టుకోలేక వేడెక్కుతుంది. పాత మోటారు తీసి దాచి, ఇండియాలో దొరికే సింగిల్ ఫేజ్ మోటారు వేయించడమే నయం. అమెరికా మోటారు 1725 ఆర్‌పీఎం, ఇండియాలో దొరికేది 1440 దాకా ఉంటుంది కాబట్టి మోటారు పుల్లీ ఐదో వంతు పెద్దది కావాలి.

ఇంట్లో అమ్మమ్మ వాడిన సెమీ ఆటోమేటిక్‌ను బాగుచేసుకుందామనుకునేవాళ్లు స్పిన్నర్ బ్రేకు చూడండి. మూత ఎత్తగానే డ్రమ్ము కొన్ని సెకన్లలో ఆగాలి. బ్రేకు కేబుల్ తెగి ఉంటే డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, చేయి పెట్టి ఆపాలనిపిస్తుంది. వెనక ప్యానెల్ విప్పి ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూసుకోండి.

వాడే ఉద్దేశం లేదు, హాల్లో చూడ్డానికి పెట్టుకుంటాం అనేవాళ్లకు పని తక్కువే. బెల్టు తీసేయండి, కార్డును మోటారు దగ్గరే విప్పేసి టబ్బులో పెట్టండి, చక్రాలకు అడ్డం పెట్టండి. రోలర్ల టెన్షన్ స్క్రూ పూర్తిగా వదులు చేయండి, బిగించి వదిలేస్తే రబ్బరు ఒకచోట చదునుగా అణిగిపోతుంది.