చిల్లర డబ్బాలో పాత బిళ్ళలు: ఏది ఎంత పలుకుతాది, ఎట్ల చూడాలి

మా కర్నూల్లో నాకు బిళ్ళల పిచ్చి ఉందని తెలిసిన ప్రతోడూ అడిగేది ఒకటే, "అన్నా, వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయలది ఉంది, పది లక్షలంట గదా". 2012లో వచ్చిన బిళ్ళ అది, చానా కొట్టినారు, నీట్‌గా ఉంటే ఏ పదో ఇరవయ్యో ఎక్కువ ఇస్తారేమో అంతే. లక్షలిస్తాం గానీ ముందు ఫీజు కట్టు అని ఎవరన్నా ఫోన్ చేస్తే కట్ చేసేయండి, ఇట్లాటి వాటికి మేం ఏ ఫీజూ కమీషనూ తీసుకోము అని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే చెప్పింది.

సరే, అసలు పని. దొరికిన బిళ్ళని ఫస్టు కడగొద్దు, తోమొద్దు. మా అవ్వ వక్కాకు తిత్తిలో 1889 నాటి విక్టోరియా కాలణా ఒకటి దొరికితే నేను ఉత్సాహంగా చింతపండు పెట్టి తళతళ తోమినా, ముదురు గోధుమ రంగంతా పోయి కొత్త రాగి చెంబులా అయ్యింది, బిళ్ళలు కొనే ఆయన చూసి చేత్తో కూడా ముట్టుకోలా. ఏండ్ల తరబడి పట్టిన ఆ రంగుకే డబ్బులిస్తారని అప్పుడు తెలిసింది.

గ్రేడ్, అంటే బిళ్ళ ఎంత అరిగిందో, ఎట్ల చూడాలంటే, బిళ్ళని అంచు పట్టుకోని ఫోన్ టార్చి పక్కనించి ఏటవాలుగా కొట్టండి, పైనించి కొడితే గీతలు కనపడవు. బొమ్మలో ఎత్తుగా ఉండే చోటే ముందు అరుగుతాది. 1983 నుంచి 1991 దాకా వచ్చిన పెద్ద రూపాయి తీసుకుంటే బొమ్మ వైపు సింహం ముఖం, జూలు, బొరుసు వైపు ధాన్యం కంకుల్లో గింజల గీతలు చూడండి. గీతలు గీతలుగా తెలిసి ఊరికే పై మెరుపు పోయింటే ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, కొంచెమే అరిగింది), గింజలు కలిసిపోయి సింహం ముఖం నున్నగా అయింటే ఫైన్ (పేరుకే ఫైన్, బాగా అరిగింది) లేదా ఇంకా కింద. యుఎన్‌సి అంటే చేతులు మారనిది, కిరాణా కొట్టు చిల్లరలో అది దొరకదు గాక దొరకదు, అమ్మేవాడు అట్లంటే నమ్మొద్దు.

తర్వాత సంవత్సరం కింద గుర్తు చూడండి, బిళ్ళ ఏ టంకశాలలో కొట్టినారో అదే చెప్తాది. నక్షత్రముంటే మన హైదరాబాదు, డైమండుంటే ముంబై, చుక్కుంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. అదే సంవత్సరంలో ఒక టంకశాల బిళ్ళ తక్కువ కొట్టింటే దానికి రేటెక్కువ, ఎక్కువసార్లు మాత్రం తేడా ఏమీ ఉండదు.

రేటు దగ్గరే అందరూ దెబ్బతినేది. ఆన్‌లైన్‌లో పెట్టిన రేటు వాడు అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు, అమ్ముడుపోయినవే చూడండి, అందులో సగం అటూ ఇటూ మీ చేతికొస్తాది, ఎందుకంటే కొనేవాడు మళ్ళీ అమ్ముకోవాల. ఖడ్గమృగం పావలా, సత్తు ఇరవై పైసలు, చిల్లికాణీ ఇవన్నీ చూసేకి బాగుంటాయి గానీ అరిగినవైతే ఏదో పదుల్లోనే. పావలా అయితే 2011 జూన్ 30 నుంచి చెల్లదు కూడా.

వెండి రూపాయి లెక్క వేరే. బరువు 11.66 గ్రాములు, 1939 దాకా వచ్చినవాటిలో 91.7 శాతం వెండి, అంటే 10.69 గ్రాముల సొక్కం వెండి, 1940 నుంచి 1945 దాకా సగమే, అంటే 5.83, 1947ది అయితే వెండే లేదు, నికెల్. ఆ గ్రాముల్ని ఆ పొద్దు వెండి రేటుతో గుణిస్తే అదే కనీస రేటు, అంతకంటే తక్కువకి ఎవరికీ ఇయ్యొద్దు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో తూకం వేయించుకుంటే సరిపోతాది, కాకపోతే వాళ్ళకి కావాల్సింది వెండి, బొమ్మ ఎంత బాగున్నా పైసా ఎక్కువియ్యరు, నీట్‌గా ఉండేది కలెక్షన్ చేసేవాళ్ళకే చూపించండి.

ఇంకోటి, రాములవారి దర్బారు, హనుమంతుడు ఉండే ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసుండే బిళ్ళలు కంపెనీ కొట్టినవి కానే కావు, గుళ్ళ దగ్గర అమ్మిన టోకెన్లు.

తుంగభద్ర బ్రిడ్జి మీద నుంచి జనాలేసిన చిల్లరని పిల్లోళ్ళు తాడుకు మ్యాగ్నెట్ కట్టి లాగుతారు గదా, దానికి స్టీలు బిళ్ళలే అంటుకుంటాయి, ఆ లావు ఐదు రూపాయలు, పలకల అంచు పాత రెండు రూపాయలు రాగి నికెల్‌వి, అవి ఏట్లోనే ఉండిపోతాయి. దొరికినా గుంటలు గుంటలుగా తినేసి ఉంటాయి, ఐదుకి ఐదే.