ఫోల్డర్ తెరిస్తే నిన్న పెట్టినట్టే ఉండాలంటే

పొద్దున షాపు తీసి, సిస్టమ్ ఆన్ చేసి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించేలోపు విండోస్ లేస్తుంది. కూర్చోగానే మూడు ఫోల్డర్లు తెరుస్తాను. ఎడమవైపు ఆర్డర్లు, కుడివైపు క్లిప్ ఆర్ట్ (డిజైన్లలో వాడే రెడీమేడ్ బొమ్మలు), వెనకాల డౌన్‌లోడ్స్. ఆర్డర్లలో పేర్లూ తేదీలూ వరసగా ఉండాలి, ఎందుకంటే మేం పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ ఫైళ్లకు లోపలి బొమ్మ కనపడదు, అన్నిటికీ ఒకటే ఐకాన్. క్లిప్ ఆర్ట్‌లో మాత్రం బొమ్మలే పెద్దగా కనపడాలి. 'గణపతి 114' అనే పేరు చూసి అది రావాకు మీద గణపతో, నాట్యం చేసే గణపతో ఎవరికి గుర్తుంటుంది?

విజయవాడ గాంధీనగరంలో పద్దెనిమిదేళ్లుగా డీటీపీ (కంప్యూటర్ మీద టైపింగ్, డిజైన్ పని) చేస్తున్నాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు, దినకర్మ కార్డులు. మాఘమాసం వచ్చిందంటే తల ఎత్తే పని లేదు. అలాంటి రోజుల్లో ఫోల్డర్ తెరవగానే నిన్న పెట్టిన వరస పోయి ఇంకోలా కనపడితే వచ్చే చిరాకు, చేసేవాళ్లకే తెలుస్తుంది. చాలాకాలం అది వైరస్ అనుకున్నాను. కాదని తెలియడానికి ఒక ఫ్లెక్సీ నష్టపోవాల్సి వచ్చింది.

ఒక పాప మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ, 8 అడుగులకు 6. పాప పేరు సహస్ర. నేను తొందరలో 'సహస్త్ర' అని కొట్టాను. (ఈ తప్పు పత్రికలవాళ్లూ చేస్తారు కానీ ఫ్లెక్సీ మీద అడుగు ఎత్తు అక్షరాల్లో పడితే వేరు.) మధ్యాహ్నం పాప నాన్న వాట్సాప్‌లో చూసి ఓకే అన్నారు, 'పాప ఓకే' అని సేవ్ చేశాను. సాయంత్రం వాళ్ల అమ్మమ్మగారు ఫోన్ చేసి తకారం తీసేయమన్నారు. దిద్ది 'పాప 2 న్యూ' అని సేవ్ చేశాను. రాత్రి ప్రింటింగ్‌కు పంపేటప్పుడు చూస్తే ఆర్డర్ల ఫోల్డర్ తనంతట తనే బొమ్మల పద్ధతిలోకి మారిపోయి ఉంది. హడావుడిగా డీటెయిల్స్‌లోకి (పేర్లూ తేదీలూ వరసగా చూపించే పద్ధతి) మార్చి, 'డేట్' అన్న హెడ్డింగ్ మీద నొక్కి, పైన వచ్చినదే చివరిది అనుకుని పంపేశాను. పైన వచ్చింది 'పాప ఓకే'. తెల్లారేసరికి 48 చదరపు అడుగుల 'సహస్త్ర' తయారు. మళ్లీ కొట్టించిన ఖర్చు నాదే.

తర్వాత నిదానంగా చూస్తే తెలిసింది. ఆ 'డేట్' నేను సేవ్ చేసిన తేదీ కాదు, ఫొటో కెమెరాలో తీసిన తేదీ. రెండు ఫైళ్లూ ఒకే ఫొటో మీద చేసినవి కాబట్టి రెండింటికీ అదే తేదీ. నాకు కావాల్సిన కాలమ్ 'డేట్ మాడిఫైడ్', అది అక్కడ లేనే లేదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. విండోస్ ప్రతి ఫోల్డర్‌నూ ఐదు రకాల్లో ఒకదానిలో వేస్తుంది: జనరల్ ఐటమ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్. ఒక్కో రకానికి ఒక్కో రూపం, ఒక్కో కాలమ్‌ల వరస. పిక్చర్స్‌లో డేట్, ట్యాగ్స్, రేటింగ్ లాంటివి వస్తాయి. మ్యూజిక్ అయితే పాడినవాళ్ల పేరు, ఆల్బమ్. ఏ రకమో మనం చెప్పకపోతే లోపల ఏ ఫైళ్లు ఎక్కువున్నాయో చూసి అదే తేల్చుకుంటుంది. కస్టమర్‌కు చూపించడానికి జేపీజీలు చేసి అదే ఆర్డర్ ఫోల్డర్‌లో వేస్తూ పోయాను. జేపీజీలు ఎక్కువయ్యాయి. ఇది ఫొటోల ఫోల్డర్ అనుకుని వేషం మార్చేసింది. అంటే మనం పెట్టినది మరిచిపోలేదు, ఫోల్డర్ కులమే మార్చేసింది.

కాబట్టి మొదట చేయాల్సింది ఆ రకాన్ని మనమే చెప్పడం. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. పైన కస్టమైజ్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో 'ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్' అన్నచోట జనరల్ ఐటమ్స్ ఎంచుకోండి. దాని కింద సబ్‌ఫోల్డర్లన్నిటికీ ఇదే వర్తించమనే టిక్ ఉంటుంది, అదీ పెట్టండి. నేను ఆర్డర్ల పెద్ద ఫోల్డర్‌కు ఒక్కసారి ఇలా చేశాను, లోపల నెలలవారీగా ఉన్నవన్నీ దారికొచ్చాయి. క్లిప్ ఆర్ట్‌కు ఇలాగే పిక్చర్స్ పెట్టాను.

తర్వాత ఆ ఫోల్డర్ తెరిచి మీకు నచ్చినట్టు సర్దండి. డీటెయిల్స్ పెట్టడానికి కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే చాలు. పెద్ద బొమ్మలకు 6 బదులు 2. హెడ్డింగ్‌ల వరస మీద రైట్ క్లిక్ చేస్తే కాలమ్‌ల జాబితా వస్తుంది, డేట్ మాడిఫైడ్‌కు టిక్ పెట్టి, దాని మీద నొక్కి కొత్తవి పైకి వచ్చేట్టు చేయండి. ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి గ్రూప్ బై దగ్గర 'నన్' (None) పెట్టండి.

ఇప్పుడు ఈ రూపాన్ని మిగతా ఫోల్డర్లకూ ఇవ్వాలి. విండోస్ 11లో పైన మూడు చుక్కలు నొక్కి ఆప్షన్స్, విండోస్ 10లో వ్యూ మెనూలో ఆప్షన్స్. అక్కడ వ్యూ ట్యాబ్‌లో 'అప్లై టు ఫోల్డర్స్' అనే బటన్. నొక్కితే ఈ రకం ఫోల్డర్లన్నీ ఇలాగే ఉండాలా అని అడుగుతుంది. 'ఈ రకం' అన్నమాట గమనించండి. జనరల్ ఫోల్డర్‌లో ఉండి నొక్కితే జనరల్ వాటికే వర్తిస్తుంది, పిక్చర్స్‌గా ఉన్నవి కదలవు. అందుకే క్లిప్ ఆర్ట్ తెరిచి అక్కడ పెద్ద బొమ్మలు పెట్టి ఇంకోసారి నొక్కాలి. ఇంకో మాట, ఈ బటన్ నొక్కితే అదే రకంలో అంతకుముందు విడిగా సర్దుకున్నవి పోతాయి. ముందు బటన్, ఆ తర్వాతే విడివిడి ముచ్చట్లు. నేను తిరగేసి చేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

సర్దాక ఆ ఫోల్డర్‌ను మూసి, మళ్లీ తెరిచి చూసుకోండి. మనం చేసిన మార్పును విండోస్ రాసుకునేది ఫోల్డర్ మూసినప్పుడో, అందులోంచి ఇంకోదానిలోకి వెళ్లినప్పుడో. తెరిచి ఉండగానే కరెంటు పోతే ఆ పని నీళ్లపాలు. మా యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన ఎండాకాలంలో ఇది బాగా అనుభవమైంది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ది ఇంకో తంతు. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి అది తేదీలవారీగా 'ఈరోజు', 'నిన్న', 'పోయిన వారం' అని గుంపులు కడుతోంది. కొందరికి నచ్చుతుంది. కస్టమర్లు పంపిన ఫొటోలు రోజుకు నలభై యాభై దింపుకునే నాకు అడ్డం. గ్రూప్ బై దగ్గర నన్ పెడితే పోతుంది. కానీ బ్రౌజర్‌లో 'సేవ్ యాజ్' కొట్టినప్పుడు వచ్చే చిన్న బాక్సులో గుంపులు అలాగే ఉంటాయి, ఎందుకంటే ఆ బాక్సుల లెక్క వేరు. అక్కడ కూడా ఒకసారి రైట్ క్లిక్ చేసి తీసేయాలి.

ఇంత చేసినా కొన్ని సిస్టమ్‌లలో కొత్త ఫోల్డర్లు మళ్లీ సొంత తెలివి చూపిస్తాయి. అప్పుడు రిజిస్ట్రీలోకి, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోటికి, దిగాలి. భయపడేవాళ్లు ఈ పేరా వదిలేయండి, పైన చెప్పినవే చాలావరకు సరిపోతాయి. తెరిచి ఉన్న ఫోల్డర్లన్నీ మూసేసి, విండోస్ బటన్‌తో ఆర్ కలిపి నొక్కి, రెజ్ఎడిట్ (regedit) అని కొట్టండి. హెచ్‌కీ కరెంట్ యూజర్‌లోంచి సాఫ్ట్‌వేర్, క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్, మళ్లీ సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్ అని ఒక్కొక్కటే తెరుచుకుంటూ వెళ్లండి. షెల్ కింద బ్యాగ్స్, బ్యాగ్ఎంఆర్‌యూ అని రెండు ఉంటాయి. ఫోల్డర్ల జ్ఞాపకమంతా ఆ రెండింటిలోనే. ముందు షెల్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ దాచుకోండి, ఇది తప్పనిసరి. తర్వాత ఆ రెండింటినీ డిలీట్ చేయండి. ఇప్పుడు షెల్ కింద కొత్తగా బ్యాగ్స్ (Bags) అనే కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది), దాని కింద ఆల్‌ఫోల్డర్స్ (AllFolders), దాని కింద షెల్ (Shell) సృష్టించండి. ఆ చివరి షెల్‌లో ఫోల్డర్‌టైప్ (FolderType) అనే స్ట్రింగ్ వాల్యూ పెట్టి, అందులో నాట్‌స్పెసిఫైడ్ (NotSpecified) అని రాయండి. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఏ పేరులోనూ మధ్యలో ఖాళీ వదలకుండా. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేస్తే, అప్పటినుంచి లోపలి ఫైళ్లు చూసి రకం ఊహించే పని మానేస్తుంది. పాత సర్దుబాట్లన్నీ పోతాయి కాబట్టి పైన చెప్పినవి మొదటినుంచి ఇంకోసారి చేసుకోవాలి.

ఒక హెచ్చరిక. క్లాసెస్‌లోకి వెళ్లకుండా నేరుగా సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్ అని వెళ్తే అక్కడా ఒక బ్యాగ్స్ కనపడుతుంది. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకునేది అందులో. డెస్క్‌టాప్ ముగ్గులా సర్దుకున్నవాళ్లు దాని జోలికి వెళ్లకండి.

ఆ జ్ఞాపకానికీ ఒక హద్దుంది. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మొదట 400 ఫోల్డర్ల వరకే గుర్తుంచుకునేది, తర్వాత 5000 అయింది. ఐదువేలు అంటే చాలా అనిపిస్తుంది కానీ మనం తీసేసిన ఫోల్డర్ల లెక్క కూడా అందులోనే పడి ఉంటుంది. సైబర్ నేరాల్లో కంప్యూటర్ పరిశీలించేవాళ్లు ఎప్పుడో డిలీట్ చేసిన ఫోల్డర్ పేరు కూడా బయటికి లాగుతారు, ఈ బ్యాగ్స్‌లోంచే. పద్దెనిమిదేళ్ల పెళ్లిళ్లు మోస్తున్న నా సిస్టమ్‌కు అప్పుడప్పుడు ఇది తుడవాల్సిందే. అయితే తుడిచేది నేనే అయ్యుండాలి. సిస్టమ్ స్పీడ్ అవుతుందని ఎవరో వేసిన జంక్ క్లీనర్ వారానికోసారి ఇదే తుడిచిపెట్టడం కూడా చూశాను. మీ ఫోల్డర్లు అన్నీ ఒకేసారి మొదటికొస్తుంటే ముందు దాన్ని అనుమానించండి.

ఇక విండో ఎక్కడ, ఎంత సైజులో తెరుచుకోవాలి అన్నది. ఇక్కడ మాత్రం నిజం చెప్పేస్తాను: ఎక్స్‌పీలో ప్రతి ఫోల్డర్‌కూ విడిగా చోటు గుర్తుండేది, విండోస్ 7 నుంచి ఆ సుఖం పోయింది. ఇప్పుడు చివరగా మూసిన ఫోల్డర్ విండో సైజే అన్నిటికీ. 'రిమెంబర్ ఈచ్ ఫోల్డర్స్ వ్యూ సెట్టింగ్స్' అనే పాత టిక్ కూడా తీసేశారు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. 2014లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేశాక కూడా నేను రెండేళ్లు దాన్ని వదలకపోవడానికి మేం తెలుగు కొట్టే అను ఫాంట్లు ఒక కారణమైతే, ఇది ఇంకోటి.

ఉన్నంతలో నేను చేసేది ఇది. సాయంత్రం షాపు మూసేముందు ఒక ఫోల్డర్‌ను చేత్తోనే అంచులు లాగి సగం తెరకు సరిపెట్టి, దాన్నే చివరగా మూస్తాను. మర్నాడు అన్నీ ఆ సైజులో వస్తాయి. తెరవగానే విండోస్ బటన్ పట్టుకుని ఎడమ బాణం, రెండోదానికి కుడి బాణం. రెండు సెకన్ల పని. అదీ బద్ధకమైతే, ఇందాకటి ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ కింద 'రీస్టోర్ ప్రీవియస్ ఫోల్డర్ విండోస్ ఎట్ లాగాన్' అని ఉంటుంది. దానికి టిక్ పెట్టి, ఫోల్డర్లు తెరిచి ఉంచే షట్‌డౌన్ చేస్తే మర్నాడు అవే తెరుచుకుని ఉంటాయి. మూసేసి షట్‌డౌన్ చేస్తే ఏమీ రావు, అది దాని తప్పు కాదు. పెద్ద మానిటర్ ఉన్నవాళ్లు మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకుని, అందులో ఫ్యాన్సీజోన్స్‌తో తెరను గళ్లుగా విడగొట్టుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని విండోను లాగితే గడిలో కూర్చుంటుంది. మా 19 అంగుళాల తెరకు అంత హంగామా అక్కర్లేదు.

ఇవన్నీ చేసి నెల రోజులు ప్రశాంతంగా ఉన్నాక, కొత్తగా చేరిన అమ్మాయి సిస్టమ్‌లో మళ్లీ గొడవ మొదలైంది. "అక్కా, ఫోల్డర్ మళ్లీ బొమ్మలైపోయింది" అని రోజుకు నాలుగుసార్లు. రకం సరిగ్గానే ఉంది. రిజిస్ట్రీ సరిగ్గానే ఉంది. క్లీనర్ లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి టీ గ్లాసు పట్టుకుని వెనకాల నిలబడి చూశాను. ఆ పిల్లకు వర్డ్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవడానికి కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పడం అలవాటు. ఫోల్డర్ విండో మీద బాణం ఉన్నప్పుడు కూడా వేలు కంట్రోల్ మీదే ఉంటోంది, చక్రం తిప్పుతూనే ఉంది. ఫోల్డర్‌లో అలా తిప్పితే డీటెయిల్స్ పోయి బొమ్మలు, ఇంకా తిప్పితే ఇంకా పెద్ద బొమ్మలు.

"ఏమ్మా, ఆ వేలు తియ్యి" అన్నాను. కంట్రోల్, షిఫ్ట్, 6 అని చీటీ రాసి మానిటర్ కింద అంటించాను.